కొండకు ఏం మోసుకెళ్లాలి, ఎవరికి దారివ్వాలి

వ్యాయామ అధ్యాపకురాలంటే మెడలో ఈల వేసుకుని ఎండలో నిలబడే మనిషి అని మా బంధువుల్లో చాలామందికి ఈనాటికీ అభిప్రాయం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మీ పాప కాలేజీలో ఏం చెప్తుందని వీధిలో ఎవరైనా అడిగితే మా నాయన కాసేపు ఆలోచించి, "అన్నీ సెప్తాది" అనేవాడు. గుడి ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన మనిషి. కూతురు ఆడపిల్లల చేత కబడ్డీ ఆడించి జీతం తీసుకుంటుందని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

తిరుపతిలోని ఒక ఆడపిల్లల కాలేజీలో డెబ్బైల నడుమ చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ప్రమోషన్ల గొడవ, ఫైళ్ల గొడవ వదిలేస్తాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు నన్ను కలిసినప్పుడు ఎక్కువగా అడిగేది వేరే. పిల్లల్ని కొండలకు తీసుకెళ్లాలంటే ఏం కొనాలి మేడం అంటారు. ఫోనులో రంగురంగుల సంచులూ బూట్లూ చూపిస్తారు. వాళ్లకు నేను ఒక్క రోజు కథ చెప్తాను. ఆ రోజు మేము మోసుకెళ్లకూడనివన్నీ మోసుకెళ్లాం. దారి ఇవ్వాల్సిన చోట అడ్డంగా నిలబడ్డాం. చివరికి మా ప్రిన్సిపాల్‌గారిని కొండ మీద నుంచి దించుకొచ్చాం.

చెప్పులు, చొక్కాలు

ముందు పాదాల సంగతి. కొండ బూట్లనే మాట మేమప్పుడు వినలేదు. అడుగున రబ్బరున్న తెల్ల క్యాన్వాసు షూస్ దొరికేవి. అవి చాలు. కొంచెం వదులుగా ఉండేవి కొని, లోపల మందపాటి మేజోళ్లు వేసుకుని, కొండకు వెళ్లేముందు కొన్నాళ్లపాటు కాలేజీకి అవే తొడుక్కుని రమ్మనేదాన్ని. లంగా వోణీ కింద క్యాన్వాసు షూస్ చూసి బస్టాండులో మగపిల్లలు నవ్వేవారు. నవ్వనీ అనేదాన్ని. కొత్త బూటు కొండ మీదే మొదటిసారి తొడిగిన పిల్ల కాసేపటికి కుంటుతుంది, ఇంకాసేపటికి ఏడుస్తుంది, ఆ తర్వాత ఆ పిల్ల సంచి నా భుజాన ఉంటుంది.

బట్టల సంగతి ఇంకా చిక్కు. వోణీ అంటే ముళ్లపొదలకు ఎక్కడలేని ప్రేమ. పైజామాలు వేసుకోండంటే సగం ఇళ్లలో అసలు కొండే వద్దన్నారు. దీనికి ఉపాయం రెడ్డెమ్మ తెచ్చింది. పూతలపట్టు దగ్గరి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేది, మా కబడ్డీ జట్టు కెప్టెను. మొదటిసారి కొండకు బయల్దేరినప్పుడు వోణీ మీద వాళ్ల నాయన నిండు చేతుల చొక్కా తొడిగి, గుండీలన్నీ పెట్టుకుని దిగింది. మిగతా పిల్లలు పడీపడీ నవ్వారు.

"సెరుకు తోటలో మీయమ్మ ఏం తొడుక్కుంటాది? పట్టుసీరా?" అంది రెడ్డెమ్మ.

చెరకాకు కోసుకుపోకుండా మా వైపు ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కోవడం మామూలే. ఆ మాటతో నవ్వులు ఆగాయి. తర్వాతి నెల నుంచి పిల్లలందరూ నాయనలవో అన్నలవో చొక్కాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. చిక్కొచ్చింది పద్మజ ఒక్కతెకే. వాళ్ల నాయన మునిరత్నం శెట్టిగారికి గాంధీ రోడ్డులో పాత్రల అంగడి. తన చొక్కా తొడుక్కుని కూతురు వీధిలో నడవడం చూసి ఆయన నేరుగా కాలేజీకి వచ్చేశాడు.

గుడారం

మా ప్రిన్సిపాల్ సుభద్రాదేవిగారు గోదావరి ప్రాంతపు మనిషి, తెలుగు పండితురాలు. నిండైన విగ్రహం. ఆమె వరండాలో నడుస్తుంటే గోడవారన నిలబడ్డ పిల్లలు గోడలోకి పోవాలని చూసేవారు. శెట్టిగారు ఆమె గదిలో కూర్చుని నన్ను చూపిస్తూ అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది.

"అడివిలోకి ఆడపిల్లోళ్లని పిల్సుకపోయేదానికి పెద్దదిక్కు యెవురమ్మా? ఈ మేడమ్మా? ఈయమ్మే సిన్నపిల్ల మాదిరుండాది!"

ప్రిన్సిపాల్‌గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "పెద్దదిక్కుగా ఈసారి నేనే వెళ్తున్నాను శెట్టిగారూ. మీకు సమ్మతమేనా?"

శెట్టిగారు కాదనలేకపోయాడు. మామండూరు వైపు అడవిలో ఒక నీటి గుండానికి వెళ్లాలని మా ఏర్పాటు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయడమే. కానీ దారి మంచి ఎక్కుడు. ప్రిన్సిపాల్‌గారు కాలేజీ మేడ మెట్లెక్కడం కూడా నేనెప్పుడూ చూడలేదు. ఈ ప్రయాణంలో ఏ చిన్న పొరపాటు జరిగినా మా పిల్లలకు కొండలు అంతటితో సరి. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఇక ఆమె సామాను కొనడం మొదలుపెట్టారు. మద్రాసులో పాత మిలిటరీ సామాన్లమ్మే చోట నుంచి ఒక గుడారం వచ్చింది. ముదురాకుపచ్చ రంగు, అరచేతి మందం ఉన్నట్టుండే గుడ్డ, పొడుగాటి వెదురు బొంగులు, ఇనుప మేకులు, వాటిని కొట్టడానికి ఒక సుత్తి. విప్పితే మా తరగతి గదంత అయింది. మళ్లీ మడవడం ఎవరికీ చేతకాక మూట కట్టాం.

"సాయంత్రానికి వచ్చేస్తాం గదండీ, గుడారం ఎందుకు?" అన్నాను.

"వాన వస్తే?"

"ఈ నెలలో వాన రాదండీ."

"ఎండ వస్తుంది కదా" అన్నారామె.

గుడారం కాక ఆమె కోసం ఒక ఇనుప మడత కుర్చీ, గొడుగు, కాఫీ ఫ్లాస్కు, కొత్త తోలుచెప్పులు. శెట్టిగారు తన వంతుగా కూతురి వెంట అంగడిలో సగం పంపించాడు. పులిహోరకు ఒక పెద్ద గిన్నె, దద్ధోజనానికి ఇంకొకటి, వాటికి మూతలు, గరిటెలు, మంచినీళ్లకు ఇత్తడి బిందె. అడవిలో ఆకలేస్తే ఆకుల్లో తినొచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఉద్యోగంలో కొత్తవాళ్లకు నేను మొదట చెప్పేది ఇక్కడే. మోయబోయేవాళ్లను అడక్కుండా సామాను కొనకండి. కొనేవాళ్లకు ప్రతి వస్తువూ అవసరంగానే కనిపిస్తుంది. మోసేవాళ్లకు మొదటి మలుపులోనే ఏది అక్కర్లేదో తెలిసిపోతుంది. సంచి రెండు భుజాలకూ తగిలేట్టు ఉండాలి, చేతులు ఖాళీగా ఉండాలి, నీళ్లు సరిపడా ఉండాలి. మిగతాదంతా మన భయం. దాన్ని కూడా మోసుకుపోతాం.

దారి ఎవరిది

మామండూరులో బస్సు దిగి నడక మొదలుపెట్టేసరికి మా వరస చూడాల్సిందే. ముందు గొడుగు వేసుకుని ప్రిన్సిపాల్‌గారు. వెనక బొంగులకు గుడారం మూట వేలాడదీసి మోసుకొస్తున్న నలుగురు పిల్లలు. దాని వెనక పాత్రలు గలగలలాడిస్తూ పద్మజ, ఆమె స్నేహితులు. చివర కుర్చీ నెత్తిన పెట్టుకుని రెడ్డెమ్మ. ఆ చప్పుడుకు అడవిలో ఒక్క పక్షి కూడా మాకు కనిపించలేదు.

కొంత ఎక్కాక బాట సన్నబడింది. ఒక పక్క గట్టు, ఇంకో పక్క లోయ. సరిగ్గా అక్కడే పైనుంచి కట్టెల మోపులు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు దిగుతూ ఎదురయ్యారు. అందరికంటే ముందున్నామె పేరు కుప్పమ్మ అని తర్వాత తెలిసింది.

"జరగండమ్మా, బిన్నా జరగండి! నిలిస్తే దించాల, దించితే మల్లా యెత్తలేము!" అని కేకేసింది.

ప్రిన్సిపాల్‌గారు బాట మధ్యలో ఆగి, సభలో మాట్లాడినట్టు మాట్లాడారు. "చూడమ్మా, మేము కళాశాల వాళ్లం. విజ్ఞాన యాత్రకు వెళ్తున్నాం."

"యాడికైనా పోండి తల్లీ. ముందు పక్కకి పోండి!"

నేను పిల్లల్ని గట్టు వైపుకు లాగి వీపులు ఆనించి నిలబెట్టాను. లోయ వైపు ఎప్పుడూ తప్పుకోకూడదు. మోపు కొంచెం తగిలినా కిందికి పోతాం. గుడారం మాత్రం తప్పుకోనంది. ఆ మూట బాటకు అడ్డంగా కూర్చుంది. చివరికి దాన్ని గట్టు మీదికి దొర్లించి, దాని మీద పిల్లలు పడుకుని పట్టుకున్నారు. ప్రిన్సిపాల్‌గారు కూడా గట్టుకు అతుక్కుని నిలబడ్డారు గానీ, గొడుగు ముయ్యడం మరిచిపోయారు. కుప్పమ్మ మోపులోని కట్టె ఒకటి గొడుగు కమ్ముకు తగులుకుంది. ఆమె ఆగలేదు. నల్ల గొడుగు మోపు మీద ఠీవిగా నిలబడి మలుపు తిరిగి వెళ్లిపోయింది.

"నా గొడుగు!" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

"మల్లా దొరుకుతాదిలే మేడం" అంది రెడ్డెమ్మ. నవ్వు ఆపుకోలేక కుర్చీ వెనక మొహం దాచుకుంది.

కొండబాట మీద తప్పుకోవడానికి ఒకే లెక్క. ఎవరి మీద ఎక్కువ బరువుందో వాళ్లకు దారి. వాళ్లకది బతుకుతెరువు, మనకది సరదా. అడవి మన కోసం ఆదివారం మాత్రమే తెరుచుకునే తోట కాదు. ఆ బాటలు నడిచి నడిచి వేసినవాళ్లు ఉన్నారు. ఇది పిల్లలకు మాటల్లో చెప్తే విని ఊరుకుంటారు. ఆ రోజు గుడారం మీద పడుకుని నేర్చుకున్నారు, మరిచిపోలేదు.

ఒకే నంబరు బూట్లు

గుండం దగ్గరకు చేరేసరికి నీడంతా నిండిపోయి ఉంది. ఊళ్లోని మగపిల్లల కాలేజీ ఒకటి అదే రోజు అక్కడికే వచ్చింది. వాళ్ల వ్యాయామ మాస్టారు జోసెఫ్‌గారు నాకు పరిచయమే. మంచి మనిషి, కాస్త మిలిటరీ పిచ్చి. పిల్లలందరూ గుండం చుట్టూ వరసగా కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుని ఉన్నారు. ఎవరి మొహంలోనూ సంతోషం లేదు. ఒడ్డున తళతళలాడే కొత్త నల్ల బూట్లు బారులు తీరి ఉన్నాయి.

"ఎట్లున్నాయి మేడం బూట్లు?" అన్నాడు జోసెఫ్ మాస్టారు గొప్పగా. "మూడేండ్లు పోరాడి సాంక్షన్ చేయించినాను. అసలైన తోలు."

"బావున్నాయి మాస్టారూ. పిల్లలెందుకట్లా ఉన్నారు?"

ఆయన గొంతు తగ్గించాడు. "అన్నీ ఒకే నంబరు పంపినాడు మేడం. చిన్న పాదాల వాళ్లు కాగితాలు కుక్కుకున్నారు. పెద్ద పాదాల వాళ్లు..." అని ఆగి, నీళ్లలోకి చూశాడు. ఆ బొబ్బలు చూసి మా పిల్లలు కూడా నవ్వడం మానేశారు.

ప్రిన్సిపాల్‌గారికి ఇవేవీ పట్టలేదు. చెమటతో, గొడుగు పోయిన కోపంతో ఉన్నారు. "నీడంతా మీరే ఆక్రమిస్తే ఎలా? లేవండి. ఆడపిల్లలకు చోటివ్వండి" అన్నారు.

"లేస్తే కాల్లు మాట ఇనవు మేడం" అన్నాడొక కుర్రాడు దీనంగా.

"నేను లేపుతాను" అని ఆమె వాళ్లవైపు బయల్దేరారు. నేను "నాచు..." అనేలోపు కొత్త తోలుచెప్పు రాతి మీద జారింది. మోకాలి లోతు నీళ్లలో పెద్ద చప్పుడైంది. కాళ్లు మాట వినవన్న కుర్రాళ్లందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

ఆమెను పైకి తీసి కూర్చోబెట్టేసరికి కుడి చీలమండ వాచిపోయింది. కింద మోపితే ప్రాణం పోతున్నట్టు అరుస్తున్నారు. కిందికి వెళ్లి మనుషుల్ని తీసుకురావాలంటే చీకటి పడుతుంది. పిల్లలు నా మొహం చూస్తున్నారు. పద్మజ ఏడుపు గొంతుతో, "ఇంగ మా నాయన యాడికీ పంపడు మేడం" అంది.

ఏం చేయాలో తోచనప్పుడు పిల్లలకు అన్నం పెట్టడం నా అలవాటు. పాత్రలన్నీ దించాం. మగపిల్లలు తిండి తక్కువే తెచ్చుకున్నారు. సంచుల్లో చోటంతా బూట్ల పాలిషు, బ్రష్షులూ ఆక్రమించాయట. అందరూ కలిసి తిన్నారు. గిన్నెలు ఖాళీ అయ్యాయి. తిన్నాక ఆలోచన వచ్చింది.

వాహనం

మా చిన్నాయన గుడిలో స్వామి వాహనాలు మోసిన మనిషి. చిన్నప్పుడు ఆయన అడుగులు చూస్తూ మాడవీధుల్లో పక్కన నడిచేదాన్ని. పెద్ద అడుగులు వేయరు. మోకాళ్లు కాస్త వంచి, నలుగురూ ఒకే అడుగు, ఒకే ఊపిరి. భుజం మీద గుడ్డ మడత. ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ ఒక్కరే మాట్లాడాలి.

మడత కుర్చీని గుడారం బొంగుల మధ్య పెట్టి, గుడారం తాళ్లతో బిగించి కట్టాం. రెడ్డెమ్మ అందులో కూర్చుని ఊగి చూసి, సరేనంది.

"మేము మోస్తాం మేడం" అన్నాడు జోసెఫ్ మాస్టారు.

ప్రిన్సిపాల్‌గారు నొప్పిలో కూడా తల అడ్డంగా ఊపారు. "మగపిల్లలు మోస్తే రేపు మా కాలేజీ గోడల మీద బొగ్గుతో కావ్యాలు రాస్తారు. నన్ను నా పిల్లలే మోస్తారు."

ఆ మాట విన్నాక మా పిల్లల వెన్ను నిటారుగా అయింది. మగపిల్లలు కాళ్లకు తువ్వాళ్లు చుట్టుకుని మా సంచులు, పాత్రలు, గుడారం గుడ్డ పంచుకున్నారు. బూట్లు మెడలో వేలాడదీసుకున్నారు.

సన్నబాట దగ్గర కుర్చీ పట్టదు. ప్రిన్సిపాల్‌గారు బాట వైపు, లోయ వైపు చూశారు.

"ఉప్పుమూట యెక్కండి మేడం" అని రెడ్డెమ్మ ముందు వంగింది.

"ఏమిటీ?"

"నా ఈపు మీద. గెట్టిగా పట్టుకోని, కిందికి సూడకుండా గమ్మునుండండి."

ఆమె అందరివైపు ఒకసారి చూసి, "మీరంతా గట్టు వైపు తిరగండి" అని ఆజ్ఞాపించారు. రెండు కాలేజీల పిల్లలూ, జోసెఫ్ మాస్టారితో సహా, మొహాలు గట్టుకు తిప్పి నిలబడ్డారు. నేను మాత్రం వెనక పట్టుకుని నడిచాను కాబట్టి చూశాను. పండితురాలు సుభద్రాదేవిగారు కళ్లు గట్టిగా మూసుకుని, రెడ్డెమ్మ నాయన చొక్కా కాలరు రెండు చేతులా పట్టుకుని, ఏదో స్తోత్రం వేగంగా చదువుతున్నారు.

బాట వెడల్పయ్యాక మళ్లీ కుర్చీ. ఒక చెట్టు కొమ్మకు గొడుగు తగిలించి కనిపించింది. కుప్పమ్మ వాళ్లు మా కోసమే పెట్టి వెళ్లారు. పద్మజ స్నేహితురాలు దాన్ని విప్పి ప్రిన్సిపాల్‌గారి మీద పట్టింది. దాంతో నిజంగానే ఊరేగింపయింది. బొంగుల ముందు కొసలు పద్మజ, రెడ్డెమ్మల భుజాల మీద. నేను పక్కన అడుగు చెప్తున్నాను. ఎదురుగా ఒక ముసలాయన మేకల్ని తోలుకొస్తూ ఆగి, చెప్పులు విడిచి దండం పెట్టాడు.

"ఏ సామి వాహనమప్పా ఇది?"

"ప్రిన్సిపాల్ వాహనం. మేకల్ని జరుపు తాతా!" అంది రెడ్డెమ్మ.

ఆయన మేకలన్నిటినీ గట్టెక్కించాడు. పొద్దున మేము అడ్డం నిలబడ్డ బాటలోనే ఇప్పుడు మాకు దారి దొరికింది, ఎందుకంటే ఇప్పుడు బరువు మా మీద ఉంది. పైన కూర్చున్న ప్రిన్సిపాల్‌గారు ముందు సిగ్గుపడ్డారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. ఆమె నవ్వితే కుర్చీ ఊగి మోసేవాళ్ల భుజాలు నొప్పెట్టేవి. "నవ్వొద్దు మేడం!" అని నేను అరవాల్సి వచ్చింది. పై అధికారిని అట్లా గదమాయించడం నా సర్వీసులో అదే మొదలు.

రోడ్డు మీద

కింద బస్సు ఆగే చోట మునిరత్నం శెట్టిగారు నిలబడి ఉన్నాడు. అంగడిలో కూర్చోలేక మధ్యాహ్నమే వచ్చేశాడట. బొంగు ముందు కొస కింద కూతుర్ని చూసి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, నా బిడ్డను సదువుకి పంపినాను గానీ, మోతకి గాదు!"

కుర్చీలోంచి ప్రిన్సిపాల్‌గారు మాట్లాడారు. "శెట్టిగారూ, మీ అమ్మాయి లేకపోతే నేనింకా ఆ గుండంలోనే ఉండేదాన్ని. కావాలంటే మీరొచ్చి మోయండి."

పౌరుషం వచ్చి ఆయన పద్మజ భుజం మీది బొంగు తన భుజానికి మార్చుకున్నాడు. కొంచెం నడిచాడో లేదో కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. ప్రిన్సిపాల్‌గారు "అమ్మో" అన్నారు.

"నాయనా, అడుగు కలపాల. నీకు రాదు, ఇట్లియ్యి" అని పద్మజ బొంగు తీసుకుంది. శెట్టిగారు వట్టి భుజం తడుముకుంటూ పక్కన నడిచాడు. బస్సు వచ్చేదాకా ఆ పిల్లను కొత్తగా చూసినట్టు చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు ప్రిన్సిపాల్‌గారు ఎముకల కట్లకు పేరుపడ్డ పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకున్నారు. ఆకుపసరులో కోడిగుడ్డు సొన కలుపుతారని కట్టాకే తెలిసింది. ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. కట్టు విప్పేదాకా ఆ కాలు తనది కాదన్నట్టు దూరంగా పెట్టుకుని కూర్చునేవారు. ఆ కాలుతోనే స్టాఫు సమావేశానికి వచ్చి, కొండయాత్రలు కొనసాగుతాయనీ, సామాను ఇకమీదట నేను, పిల్లలు కలిసి ఎంచుకోవాలనీ చెప్పారు.

ఇక శెట్టిగారు. ఆయన అంగడికి గిన్నె కొనడానికి వెళ్లిన ప్రతివాళ్లూ ఆ కథ విని రావాల్సిందే. మా పాప ప్రిన్సిపాల్ని కొండ దించినాది అనేవాడు. పద్మజ చదువయ్యాక గూడూరు నుంచి సంబంధం వచ్చింది, నిమ్మకాయల మండీ వాళ్లు. అమ్మాయికి ఏమేం వచ్చని అడిగితే, సంగీతం రాదని ఒప్పుకుని, ఈ కథ మొత్తం చెప్పాడట. పెళ్లికొడుకు తల్లి కూడా భారీ మనిషే. అంతా విని, "మాది మిద్దిల్లు అన్నా. నేను పైకెక్కి ఎన్నేళ్లయిందో!" అందట. సంబంధం ఖాయమైంది.

కొన్నాళ్లకు పిల్లల్ని ఆటల పోటీలకు గూడూరు తీసుకెళ్లి, పద్మజను చూసి వద్దామని వాళ్లింటికి వెళ్లాను. పెద్దావిడ మిద్దె మీద గాలికి కూర్చుని వక్క నములుతూ ఉంది. ఎట్లా ఎక్కారమ్మా అని ఆశ్చర్యంగా అడిగాను.

"కుర్చీని మావాడు ముందర పట్టినాడు, మీ శిష్యురాలు ఎనక పట్టింది" అంది ఆవిడ హాయిగా. "దించేది ఎట్లనో ఇద్దరూ కింద ఆలోచన జేస్తా వుండారు."